వెనక్కి తెచ్చిన డోలక్

మొదట్లో నా చేతిలో ఉన్నవి మా దీవిలోని గరాచర్మ బజారులో ఒక కూరగాయల కొట్టు, సిప్పీఘాట్ తోటల నుంచి సరుకు తెచ్చే పాత ఆటో, తమ్ముడు లాయిడ్. మా తెలుగు చర్చి సంఘంలో వాడు డోలక్ వాయిస్తే ముసలివాళ్ళు కూడా చప్పట్లు ఆపేవారు కాదు.

తర్వాత వాడికి మరెవరికీ వినపడని గొంతులు వినపడసాగాయి. స్కిజోఫ్రీనియా అన్నారు డాక్టరు. మందులతో గొంతులు ఆగాయి. వాడు అరవడం మానేశాడు. గోడలతో మాట్లాడడం మానేశాడు. నవ్వడం, అన్నం అడగడం కూడా మానేశాడు. మేము మొదటి రెండింటినే లెక్కలో వేసుకుని, స్వస్థత వచ్చిందని ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం.

సాక్ష్యం చెప్పమంటే లాయిడ్ లేచి, డోలక్ తెచ్చి పాస్టర్ యిర్మియాగారి ముందు పెట్టాడు.

"ఇది సంఘానికి ఉంచండి అయ్యగారూ. నాకింక అక్కర్లేదు."

అందరూ స్తోత్రం అన్నారు. నా భార్య సారా కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం వాడి ఖాళీ మణికట్టు చూశాను. ముందు రోజే వాడు తన గడియారం పక్కింటి గణేష్‌కి ఇచ్చేశాడు. ఉన్న సరుకంతా ధర అడగకుండా పంచేసేవాడు కొట్టు మూసేస్తున్నాడని మా బజారులో ఎవరికైనా తెలుసు.

వాడిని పెరట్లోకి తీసుకెళ్ళాను.

"ఏట్రా ఇది? చచ్చిపోదామనుకుంటున్నావా?"

వాడు తల దించుకున్నాడు. "హా భయ్యా. గొంతులున్నప్పుడు తిట్టడానికైనా లోపల ఎవరో ఉండేవోళ్ళు. ఇప్పుడు కుచ్ నహీ, ఏమీ లేదు. పొద్దున్న లేవడానికే బరువుగా ఉంటంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరంతా ఖుషీగా ఉన్నారు కదా."

భోజనాలు వడ్డించకముందే వాడిని ఎక్కించుకుని ఆసుపత్రికి ఆటో తీశాను. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి ఇలాంటి దిగులు కూడా పట్టుకుంటుందని, దానికీ వైద్యముందని, ఒంటరిగా వదలొద్దని చెప్పారు డాక్టరు.

మర్నాడు డోలక్ కోసం పాస్టరుగారింటికి వెళ్ళాను.

"దేవుడికిచ్చింది వెనక్కి అడుగుతావేటి విన్సెంటూ? ఎంత బేరగాడివైతే మాత్రం!"

"ఇచ్చినోడు బతికుంటే మళ్ళీ ఇస్తాడులెండి అయ్యగారూ."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. డోలక్ తానే మోసుకొచ్చి ఆటోలో పెట్టారు.

ఇప్పుడది కొట్టులో ఉల్లిపాయల బస్తాల పైన వేలాడుతోంది. లాయిడ్ దాని కింద కూర్చుంటాడు. వాయించడు. కొన్ని రోజులు మందు మింగి, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. పాత లాయిడ్ తిరిగి రాలేదు. వస్తాడని లెక్క కట్టడం నేను మానేశాను.

నిన్న షట్టరు దించుతుంటే అడిగాడు.

"భయ్యా, రేపు ఎన్నింటికి తెరుస్తావు?"

"ఆరింటికి. వస్తావా?"

"చూద్దాం."

వాడి నోట రేపు అన్న మాట విని చాలా కాలమైంది. ఇంత వ్యాపారంలో నాకు మిగిలింది అదొక్కటే. చిన్నదే. అయినా చేతికి వచ్చింది గనక లాభం కిందే వేసుకున్నాను.