కారణం రాసే గడి

"మిక్సీ మూత యాడ పెట్టినావు, కుముదినీ?"

గురువారం మధ్యాహ్నం మా అత్తగారు అలమేలు ఫోన్ చేసి అడిగారు. గిండీలోని మా ల్యాబ్‌లో ఫర్నేస్ దగ్గర ఉన్నాను. ఎర్రగా కాలిన ఉక్కు ముక్క చల్లారినంతసేపూ దాని చుట్టూ అయస్కాంతం పనిచేయాలి. అప్పుడు ఉక్కులోని రేణువులు పెద్దవి కాకుండా సన్నగా నిలిచి, ఉక్కు గట్టిపడుతుందా అన్నదే మా పరీక్ష. అయస్కాంతానికి కరెంటు ఇవ్వడం నా పని. ఫోన్ దాని దగ్గరికి తేకూడదు కాబట్టి వరండాలో నిలబడ్డాను. ఒకటి కాదు, ఐదు ఫోన్లు. సింకు కింద చూడండి, గిన్నెల బుట్టలో చూడండి అని చెబుతుంటే వెనక టీవీలో క్రికెట్, మా ఆయన చప్పట్లు వినిపిస్తున్నాయి. మూత దొరికేసరికి నలభై నిమిషాలు. తిరిగొస్తే ముక్క చల్లారిపోయింది. నేను స్విచ్ వేయనేలేదు. రిజిస్టరులో మాత్రం కరెంటు అంకెలన్నీ ఉన్నాయి. ఎప్పుడూ అదే అంకె కదా అని పొద్దున్నే నింపేసే పాడలవాటు నాది.

నిన్న మా పెద్దాయన ఫణీంద్రగారు మైక్రోస్కోపులో చూసి పొంగిపోయారు. "ఎంత సన్నటి గ్రెయిన్స్ చూడండి. సోమవారం పంపుల కంపెనీ వాళ్లకి ఇదే చూపిద్దాం. ఇరుసులు ఇలాగే చేసుకుంటారు." సన్నగా ఎందుకున్నాయో నాకు తెలియదు. అయస్కాంతం వల్ల మాత్రం కాదు.

రాత్రంతా భయంతో నిద్ర లేదు. ఆ ఇరుసు విరిగితే పక్కన నిలబడేది ఎవరో. పోనీ చెబుదామంటే ఉద్యోగం పోతుంది. అంతకన్నా భయం మా ఆయన అమరనాథ్ మాట. ఆయన అరవడు, కాచుక్కూర్చుంటాడు. కూర మాడినా, పాప ధన్యకు మార్కులు తగ్గినా ఒకటే మాట. "ఇల్లూ ఉద్యోగం రెండూ నీ చేత కావు. ఏది విడిచేది నేను చెప్పాల్నా?" పదకొండేళ్లుగా ఆయన ఎదురుచూస్తున్న తప్పు ఇప్పుడు నేనే చేతికివ్వాలి.

ఇవాళ పొద్దున్న రిజిస్టరు తెరిచి అంకెలన్నీ కొట్టేసి సున్నాలు పెట్టాను. చివర కారణం రాసే గడి. 'నా అజాగ్రత్త' అని రాశాను. అది మా ఇంటి మాట. కొట్టేశాను. 'అంకెలు ముందే నింపింది నేనే. ఇంటి నుంచి మిక్సీ మూత కోసం ఐదు ఫోన్లు వచ్చాయి' అని రాసి సంతకం చేశాను.

రిజిస్టరు పట్టుకుని ఫణీంద్రగారి గది దాకా వెళ్లాను. తలుపు తట్టబోయి ఆగి, గోడకు ఆనించి సంతకం కింద ఇంకొక్క వాక్యం రాశాను.

'ఆ వేళ నా భర్త ఇంట్లోనే ఉన్నారు.'