గీతకి వేలాడిన మాట

పొద్దున్నే ఇల్లు ఊడుస్తుంటే సింహాచలమ్మ చీపురుకి మొదట తగిలేవి అక్షరాలే. మంచం కింద రెండు మూడు ‘అ’లు, గుమ్మం దగ్గర ఒక ‘ఋ’, పొయ్యి మూలన నాలుగైదు గుణింతాలు. ముందురోజు సాయంత్రం కూతురు పూజిత రాసినవి రాసినట్టే కాగితం మీంచి జారి పడిపోయేవి. వాటిని చెత్తలో కలిపి పారెయ్యడానికి ఆవిడకి చేతులు రావు. సరస్వతి కదా! చేటలో పోసి, దుమ్ము చెరిగి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టేది. ఇప్పటికి మూడు డబ్బాలు నిండాయి.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆ వరస ఇళ్ళవాళ్ళకి ఇదేం పెద్ద సంగతి కాదు. ఒకరింటి రేకు కారుతుంది, ఒకరి పిల్లకి దగ్గు తగ్గదు, బైరాగి కూతురి తెలుగు కాగితం మీద నిలవదు. గాలికి కొట్టుకుపోయినవి కుళాయి దాకా వెళ్ళేవి. పక్కింటి బెంగాలీ ముసలమ్మని అందరూ దీదా అంటారు. బియ్యంలో ఏరినవి ఆవిడ కొంగున కట్టుకుని తెచ్చేది.

“ఎయి నావ్ మా, తోమార్ ఓఖ్ఖోర్,” ఇదిగో అమ్మా నీ అక్షరం అని సింహాచలమ్మ అరచేతిలో ఒక ‘కో’ పెట్టి, తన పని మీద తను పోయేది.

అదే పూజిత స్కూల్లో బెంగాలీ రాస్తే ఒక్క అక్షరమూ రాలదు. వాటికి నెత్తి మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా గీత ఉంటుంది. దండెం మీద ఆరేసిన బట్టల్లా దాన్ని పట్టుకుని వేలాడుతూ ఉండిపోతాయి.

ఏడేళ్ళ పిల్లకి తెలుగు రాకపోతే ఏం కొంప మునిగింది, కలకత్తాలో తెలుగు రాసి ఎవర్ని ఉద్ధరించాలి అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి బైరాగి సంగతి తెలియదు.

బైరాగిది ఓడలు బాగుచేసే యార్డులో పని. తుప్పు కొట్టడం, రంగు వెయ్యడం. చెయ్యి మంచిదని పేరు. ఓడ ముక్కు మీద పేరు రాయాలంటే మేస్త్రీలు అతన్నే పిలిచేవాళ్ళు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా కాగితం మీద చూపిస్తే బొమ్మ గీసినట్టు గీసేసేవాడు. చదవడం వచ్చింది తెలుగొక్కటే, అదీ శ్రీకాకుళం పక్క పల్లెలో ఐదో తరగతి దాకా. పదిహేనేళ్ళు ఓడ కడుపులో కూర్చుని ఇనుము మీద సుత్తి మోత వింటే చెవులు ఏమవుతాయి? మొదట ఒకటి పోయింది. పోయిన వానాకాలంలో రెండోదీ పోయింది. క్రేను గంట వినపడనివాణ్ణి యార్డులోకి రానివ్వరు. డాక్టరు చూసి, నరమే చచ్చిపోయింది, మిషను పెట్టినా లాభం లేదన్నాడు.

ఆనాటి నుంచి బైరాగి మాట్లాడటం కూడా మానేశాడు. భార్య సైగలు చేస్తే ఎగతాళి అనుకుని మొహం తిప్పుకునేవాడు. ఫోన్లో మాట చెబితే అదే రాసిపెడుతుందని ఎవరో అంటే సింహాచలమ్మ అదీ చూసింది. “మావా, గంజి తాగు” అంది. ఫోను “మామ గంజాయి తాగు” అని రాసింది. జన్మలో బీడీ ముట్టనివాడు ఆ మాట చదివి ఫోను గోడకేసి కొట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ ముక్కలు ఏరుకుంది.

ఆ తర్వాతే అతను రైలు పట్టాల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. రేవులోకి సరుకు పెట్టెలు వెళ్ళే లైను ఇళ్ళ వెనకే ఉంది. రోజుకి ఒకటో రెండో బళ్ళు, ఏ వేళకి వస్తాయో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అన్నం ముందు నుంచి లేచిపోయి, నది వైపు మొహం పెట్టి, సరిగ్గా పట్టా మీద కూర్చునేవాడు. చెవిటివాడికి బండి వినపడదు. ఆ సంగతి అతనికి తెలుసు. అతనికి తెలుసని సింహాచలమ్మకీ తెలుసు. పనిచేసే ఇళ్ళనుంచి పరుగున వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు.

అతనికి ఒక్క మాట చేరాలి. చెవులు లేవు కాబట్టి అది రాసిన మాటే అయ్యుండాలి. సింహాచలమ్మది వేలిముద్ర. ఆ వరసలో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, కుర్రాళ్ళకి తెలుగు చదవడం రాదు, పెద్దాళ్ళకి రాయడం రాదు. రాయడం వచ్చిన ఒకే ఒక్కడు, వెంకటరత్నం మేస్త్రీ, ఎంతో ఆలోచించి “ధైర్యముగా ఉండవలెను” అని రాసిచ్చాడు. బైరాగి చదివాడు. మడత పెట్టి, గాలికి కొట్టుకునే కిటికీ రెక్క సందులో దూర్చాడు.

పిల్ల రాస్తే మాత్రం చూస్తాడని సింహాచలమ్మ నమ్మకం. ఎందుకంటే ఎవరి మొహమూ చూడని ఆ మనిషి, నేల మీది అక్షరం కాలికి తగిలితే మాత్రం వంగి, తీసి, కళ్ళకద్దుకునేవాడు. ఆలోచించి చేసేది కాదది, పలక పట్టిన నాడు ఒంటికి పట్టిన అలవాటు. అతను అలా వంగినప్పుడల్లా ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

అందుకే రోజూ దీపాలు పెట్టే వేళకి చాప పరిచి, తెలుగు వాచకం ముందు పెట్టి, చదువు రాని తల్లి పిల్లకి రాత నేర్పేది.

“ఒలే గుంటా, గట్టిగా నొక్కి రాయే. నొక్కితే అతుక్కుంతాదేమో.”

“నొక్కితే కాయితం సిరిగిపోతందే అమ్మా.”

“సిరిగితే సిరగనీ.”

కాగితానికి గంజి రాసి చూసింది. గంజితో సహా ఊడొచ్చాయి. పలక మీద రాయించింది, పలక తుడిచినట్టయింది. ఒకరోజు పుస్తకంలో అక్షరాల నెత్తి మీద ఉన్న చిన్న కొక్కేన్ని వేలితో చూపించి అడిగింది.

“దీన్నేటంటారే?”

“తలకట్టు.”

“మరి కట్టేది గట్టిగా కట్టొద్దా! ఎండలో పనికెల్లినప్పుడు మీ నాన్న తలగుడ్డ ఎలా కట్టీవోడు? అలా బిగించి కట్టు. వదులుగా కడితే పడిపోవేటి మరి?”

పూజిత నాలిక బయటపెట్టి, ఒక్కో తలకట్టూ బిగించి కట్టింది. అవి ఇంకాస్త సేపు నిలిచి, ఇంకాస్త చప్పుడుతో పడ్డాయి.

రాత నిలవకపోవడం ఒక ఎత్తు, తప్పులు ఇంకో ఎత్తు.

“ఇదేటి రాసినావు? సదువు.”

“బంకాయ.”

“బంకాయేటే నీ మొకం! వంకాయ.”

“మా మిస్సుకి ‘వ’ రాదే అమ్మా. ‘వ’ అన్నా ‘బ’యే రాయమంటాది.”

బెంగాలీలో ‘వ’ లేదని, పిల్ల తప్పేం లేదని సింహాచలమ్మకి ఎవరు చెబుతారు? నెత్తి కొట్టుకుంది.

ఒక శుక్రవారం పూజిత, తల్లి పప్పు కడగడానికి లేచినప్పుడు, స్కూల్లో చేసినట్టే అక్షరాల పైన ఈ చివరనుంచి ఆ చివరకి గీత లాగేసింది. అక్షరాలు ఒకసారి ఊగి, గీతని పట్టుకుని నిలబడ్డాయి. “అమ్మా, పడనేదు! సూడు, పడనేదు!” అని అరిచింది.

సింహాచలమ్మ వచ్చి చూసింది. చదవడం రాకపోయినా తెలుగు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. చెవులున్న రోజుల్లో బైరాగి గర్వంగా చెప్పేవాడు: బెంగాలీ అక్షరాలన్నీ ఒకే దండేనికి వేలాడతాయి, మన అక్షరాలు ఎవరి తలకట్టు వాళ్ళే కట్టుకుని నిలబడతాయి అని.

“తెలుక్కి గీతుంటాదేటే! ఇది సూత్తే మీ నాన్న ఏటనుకుంటాడు? సెవులు పోయినాయి, పని పోయింది, ఆకరికి కూతురికి బాస కూడా పోయిందనుకోడా?” అని రబ్బరు తీసి గీత మొత్తం చెరిపేసింది.

అక్షరాలు టపటపా చాప మీద రాలాయి. పిల్ల ఏడ్చింది. ఏడ్చినందుకు వీపు మీద ఒకటి వేసింది సింహాచలమ్మ. వేసి, తనే పెద్దగా ఏడ్చింది. ఆవిడకి కోపం కాదు, భయం.

మర్నాడు శనివారం. ఒంటిపూట బడి. పిల్లని తీసుకుని సింహాచలమ్మ ఇంటికొచ్చేసరికి కంచంలో అన్నం అలాగే ఉంది, మీద ఈగలు ముసురుతున్నాయి. స్కూలు సంచీ కూడా దింపకుండా ఇద్దరూ వెనక్కి పరిగెత్తారు.

బైరాగి పట్టా మీదే ఉన్నాడు. సింహాచలమ్మ వెళ్ళి రెక్క పట్టుకుని లాగింది. రోజూ లేచేవాడు ఆ రోజు లేవలేదు. ఆవిడ చెయ్యి నెమ్మదిగా విడిపించి, మళ్ళీ నది వైపు చూశాడు. అప్పుడే మలుపు అవతల ఇనుము రాసుకున్న మోత వినిపించింది. ఇంజను వెనకనుంచి తోస్తుంటే పెట్టెలు ముందుగా వస్తున్నాయి. ఇటువైపు చూసే డ్రైవరు కూడా లేడు.

“లెగు మావా! నీ కాల్లు మొక్కుతాను, లెగు!” చంకల కింద చేతులు వేసి ఎత్తబోయింది. సుత్తి పట్టిన ఒళ్ళు, ఇంత కూడా కదల్లేదు. “ఒలే గుంటా, రాయే! ఏదోటి రాయే!”

పట్టాల పక్కన రేవు గోడ, పొగకి పలకలా నల్లబడి ఉంది. పూజిత సంచీలోంచి సుద్దముక్క తీసి తనంత ఎత్తున ‘నాన్నా’ అని రాసింది. తలకట్టు ఎంత బిగించి ఏం లాభం, మొత్తం ఊడి కింద పడింది. అందులో ఒక ‘నా’ కంకర వాలులో దొర్లుకుంటూ వచ్చి బైరాగి పాదానికి తగిలింది.

బైరాగి వంగాడు. తీసి కళ్ళకద్దుకున్నాడు. ఇది ఎక్కడనుంచి వచ్చిందా అని తల తిప్పాడు.

“గీత గియ్యే!” సింహాచలమ్మ గొంతు చిరిగిపోయేలా అరిచింది. “నిన్నటి గీత! గియ్యే తల్లీ, పెద్దది గియ్యే!”

పూజిత గోడ వెంబడే పరిగెడుతూ బారెడు గీత గీసింది. మళ్ళీ మొదటికి పరిగెత్తి, గీత కింద గబగబా రాసింది. ఇంట్లో అందరూ అనేది ‘ఎల్లకు’. పుస్తకంలో దాని ముందు ‘వ’ ఉంటుంది. స్కూల్లో ‘వ’ అంటే ‘బ’. మూడూ కలిసి ఆ పిల్ల చేతిలో ఇలా పడ్డాయి: “నాన్నా బెల్లకు.”

ఒక్క అక్షరమూ రాలలేదు. గీతకి వేలాడుతూ, ఊగుతూ, నిలిచాయి.

బైరాగి చదివాడు. మళ్ళీ చదివాడు. ఓడ ముక్కు మీద ఒక్క వంకర కూడా ఓర్చుకోని మనిషి. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

“బెల్లమేటే?” అన్నాడు.

ఏడు నెలల తర్వాత వచ్చిన గొంతు. తనకి వినపడదు కాబట్టి అవసరానికి మించి గట్టిగా వచ్చింది. పిల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. బైరాగి లేచాడు. రెండంగల్లో పట్టా దాటి గోడ దగ్గరికి వచ్చి, కూతురి చేతిలోంచి సుద్దముక్క తీసుకున్నాడు. అరచేత్తో ‘బె’ చెరిపి ‘వె’ రాశాడు. ‘ల్ల’ చెరిపి ‘ళ్ళ’ రాశాడు. రాశాక గానీ ఏం రాశాడో అతనికి తెలిసినట్టు లేదు. సుద్దముక్క గోడకి ఆనించి అలాగే నిలబడ్డాడు.

అతని వీపు వెనకనుంచి సరుకు బండి వెళ్తోంది. పెట్టె తర్వాత పెట్టె, కాళ్ళ కింద నేల వణికేలా. అతని వెనకే పట్టా దాటొచ్చిన సింహాచలమ్మ గోడ పక్కన కూలబడి, రెండు చేతుల్తో నోరు నొక్కుకుంది. బైరాగి వెనక్కి తిరగలేదు. పై గీత చెరపడానికి చెయ్యెత్తాడు. పూజిత ఆ చెయ్యి పట్టుకుంది. కాసేపు పిల్ల మొహం చూసి, చెయ్యి దించేశాడు.

తర్వాత ‘వె’ మీద వేలు పెట్టి, చదవమన్నట్టు గడ్డం ఎగరేశాడు.

“వెళ్ళకు,” అంది పూజిత.

అతను వంగి పిల్ల పెదాలు చూశాడు. మళ్ళీ అనమని వేలు ఊపాడు.

“వెళ్ళకు.”

మళ్ళీ.

“వెళ్ళకు నాన్నా.”

“ఎల్లనే,” అన్నాడు బైరాగి.

బండి పోయాక సింహాచలమ్మ లేచి, బైరాగి చేతిలోంచి జారి పట్టాల పక్కన పడి ఉన్న ‘నా’ని తీసి, దుమ్ము దులిపి, కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది.