చాటలో మిగిలిన స్పీకరు

నేను ఒక స్పీకర్ని. అరచేయంత ఉంటాను. ముందు నల్ల కాగితపు గిన్నె, వెనక అయస్కాంతం, మధ్యలో తలవెంట్రుకంత రాగితీగ చుట్ట. ఇంతే నేను. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి నా రెండు కొసలకీ బ్యాటరీ తాకించి చూసింది. "టక్" అన్నాను. బాగానే ఉందనుకుని అట్టపెట్టెలో పడేసింది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మనుషులు కంగారుపడతారట. మాలోనూ అంతే. ఆ టక్కే నా తొలి ఏడుపు.

మొదట తునిలో ఒక కటింగు షాపు టేప్‌రికార్డర్‌లో కుదురుకున్నాను. నా వైభవం అంటే అప్పటిదే. ఊళ్లో ఎంతటివాడైనా నా ముందు తలవంచుకుని కూర్చునేవాడు. నేను పాడితే కత్తెర తాళం వేసేది. అప్పట్లో అసూయ అంటే ఏమిటో నాకు తెలియదు. కడుపునిండినవాడికి పక్కవాడి విస్తరి కనపడదు కదా.

తరువాత ఆ షాపులోకి టీవీ వచ్చింది. వంచిన తలలన్నీ పైకి లేచాయి. గడ్డం గీస్తుండగా మెడ తిప్పి గాట్లు పెట్టించుకున్నారే గాని, దాన్ని చూడటం మానలేదు. మా టేప్‌రికార్డర్ అద్దం వెనక్కి పోయింది, లోపల బొద్దింకలు కాపురం పెట్టాయి. ఒకరోజు ఎవరో మమ్మల్ని దులిపి నూకరాజు కొట్లో బాగుకి ఇచ్చారు. ఇచ్చినవాళ్లు మళ్లీ రాలేదు.

నూకరాజు మిక్సీలు, ఫ్యాన్లు, టేపులు బాగుచేసే మనిషి. వదిలేసిన సామాన్ని చాలాకాలం చూసి, ఇక రారని తేలాక విప్పేస్తాడు. పెంకు పాత సామాన్లవాడికి, పనికొచ్చే భాగాలు బిస్కెట్ల డబ్బాకి. అలా నేను డబ్బాలో పడి అతని ఇంటికి చేరాను. అక్కడ అప్పటికే బొమ్మకారు మోటారు, చార్జర్‌లోంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మర్, కాళ్లు వంకరపోయిన రెసిస్టర్లు, గుప్పెడు ఎర్ర బల్బులు, ఒక బజర్ ఉన్నాయి. బజర్ గురించి ముందే చెబుతున్నాను, వాడంటే నాకు పడదు. వాడికి "కుయ్" తప్ప రెండో మాట రాదు.

నూకరాజుది ఇల్లరికం. అత్తగారు వరహాలమ్మ కింది వాటాలో ఉంటుంది. భార్య లోవకుమారితో అతను మేడ మీద ఉంటాడు. చిన్నల్లుడు దివాకర్ పక్కూళ్లో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. ఆదివారం భోజనానికి వస్తాడు. అన్నాలయ్యాక తోడల్లుళ్లిద్దరూ మేడ మెట్ల మీద కూర్చుని, మా డబ్బాని చాటలోకి బోర్లించేవారు. అదొక ఆట. ఒకడు చాటలోంచి చేతికందినదాన్ని తీసి "ఇదేటవుద్ది?" అనాలి, తనే ఒక ఉపాయం చెప్పాలి. రెండోవాడు దానికి వంక పెట్టాలి. వంక దొరక్కపోతే ఇద్దరూ కలిసి దాన్ని చేసి తీరాలి.

"బియ్యం చెరుక్కునే చాటలో ఈ ఇనపముక్కలేటండి," అని లోవకుమారి ప్రతివారమూ అనేది. "రేపు అన్నంలో మేకొస్తే నన్ననకండి."

"అన్నంలో ఇనుముంటే రక్తం పడుద్దంట వదినగారూ," అనేవాడు దివాకర్.

నూకరాజు బొమ్మకారు మోటారు పైకెత్తేవాడు. "దీనికి రెక్క తగిలిత్తే టీ చల్లార్చే ఫ్యాను."

"ఊదుకోడానికి దేవుడు నోరిచ్చాడు కదా అన్నయ్యగారూ."

"అందరి నోళ్లూ మీ అంత ఖాళీగా ఉండవు తమ్ముడుగారూ."

ఆ ఫ్యానుకి వంక నిలబడలేదు. మోటారు వెళ్లిపోయింది. ఎర్ర బల్బులు దేవుడి గూట్లో దీపాలయ్యాయి. పండక్కి వచ్చినవాళ్లు వాటికి దణ్ణం పెట్టుకోవడం నేను చాటలోంచి చూశాను. నిన్నటిదాకా నా కాళ్లకింద దొర్లినవి అవి. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఏదో చార్జర్‌లోకి పోయింది. పోతూ పోతూ నన్నోసారి గుద్దుకుని మరీ పోయింది.

నా వంతు వచ్చినప్పుడు నూకరాజు నాకు బ్యాటరీ తాకించేవాడు. "టక్" అనేవాణ్ణి. ఎంత ప్రాణం పెట్టి అనేవాణ్ణో మీకు తెలియదు. "ఇది పాడుద్ది," అనేవాడతను. "పాడ్డానికి ఫోనుంది కదండీ," అనేవాడు దివాకర్. అంతే, పక్కకి. అసలు అవమానం అది కూడా కాదు. నేల మీద మరలు జారిపోతే, నన్ను బోర్లా తిప్పి అయస్కాంతంతో వాటిని ఏరేవాడు నూకరాజు. పాటలు పాడినవాణ్ణి చీపురుగా వాడుకున్నాడు. మనుషులకి ఒకరి నోటితో పనిలేనప్పుడు వీపుతో పని పడుతుంది కాబోలు.

ఆ ఇంట్లో కుళ్లు నాకొక్కడికే లేదు. వరహాలమ్మ పాతకాలపు మనిషి. అల్లుళ్ల ఎదుట పడదు, అల్లుళ్లతో మాట్లాడదు. వాళ్లు తింటుంటే తలుపు చాటున నిలబడి కూతురితో చెబుతుంది, "చిన్నల్లుడుగారిని ఇంకో ముక్క వేసుకోమనవే" అని. ఈ చిన్నల్లుడుగారి ముక్క నూకరాజు గొంతులో ముల్లై దిగేది.

"మీ అమ్మ నాతో ఓ మాటన్నా సెప్పమందా ఎప్పుడైనా," అని భార్యని సాధించేవాడు.

"మీరు రోజూ తింటారు కదండీ. ఆయన ఆదివారం మనిషి."

"రోజూ కనబడేవాడు గోడతో సమానం అన్నమాట."

నాకు ఆ మాట బాగా తగిలింది. గోడ కనీసం ఇంటికి ఆనుకుని ఉంటుంది. నేను చాటలో ఉన్నాను.

అలా ఉండగా వరహాలమ్మ మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. మనిషి తేరుకుంది గాని గొంతు తేరుకోలేదు. మాట గాలిలాగా వస్తుంది, పక్కన కూర్చుని చెవి ఒగ్గితేనే వినపడుతుంది. ఒక పొద్దున స్నానాలగది ముందు కాలుజారి పడింది. పిలిచింది, కాని ఆ పిలుపు మెట్లెక్కలేదు. లోవకుమారి కాఫీ పట్టుకుని దిగేదాకా తడినేల మీదే పడి ఉంది. మరోసారి అలా పడితే, అప్పుడు ఎవరూ దిగకపోతే? ఆ ఆదివారం చాట ముందు ఇద్దరు అల్లుళ్లకీ ఆటగా లేదు.

"గంట పెడదాం," అన్నాడు నూకరాజు బజర్ని తీసి. "మంచం పక్కన మీట, మేడ మీద ఇది."

దివాకర్ ఆలోచించాడు. వంక దొరకలేదు. బజర్ నా కళ్లముందే లేచిపోయాడు. ఇంట్లో మనిషి ప్రాణానికి కాపలాగా వాణ్ణి పెట్టారు. ఒక్క అక్షరం వచ్చినవాడికి అంత ఉద్యోగం. చాటలో నేనూ, నాలుగు వంకర రెసిస్టర్లూ మిగిలాం.

కాని బజర్ మోగలేదు. ఆ వారమూ మోగలేదు, మరుసటి వారమూ మోగలేదు. ఒక మధ్యాహ్నం లోవకుమారి కిందికి వెళ్లేసరికి, వాళ్లమ్మ దాహంతో పెదాలు తడుపుకుంటూ మంచం మీద కూర్చుని ఉందట, మీట పక్కనే. లోవకుమారి పైకొచ్చి మొగుడితో చెప్పింది.

"అమ్మ ఆ గంట నొక్కదండి. నొక్కితే మీరు దిగొచ్చేస్తారేమోనంట. గంట గుళ్లో కొడతారు, బళ్లో కొడతారు, అల్లుణ్ణి గంటకొట్టి పిలిచే ఇంట్లో తను పుట్టలేదంట."

ఏ వంకా దొరకని ఉపాయానికి వంక అత్తగారు పెట్టింది. నేను సంతోషించాను. ఒక ముసలావిడ దాహంతో ఉంటే సంతోషించడం తప్పే. అయినా సంతోషించాను.

మరుసటి ఆదివారం దివాకర్ తిన్నగా నన్ను తీశాడు. "ఆవిడ పిలవక్కర్లేకుండా వినేది కావాలి. ఇది వింటాది."

"అది నోరండి బాబూ. చెవి కాదు," అన్నాడు నూకరాజు.

"నోరే చెవవుద్ది అన్నయ్యగారూ. దీని ముందు మాటాడితే కాగితం అదురుద్ది, అదిరితే తీగలో కాస్త కరెంటు పుడుద్ది. దాన్ని పెంచి పైకి పంపితే సరి."

నూకరాజు వంక కోసం వెతికాడు. ఉపాయం తోడల్లుడిది కాబట్టి ఇంకాస్త గట్టిగా వెతికాడు. దొరకలేదు. ఆట నియమం ఆట నియమమే, టంకం పెట్టడానికి కూర్చున్నాడు.

నా సంగతి అడగండి. పాటగాణ్ణి పిలిచి, పందిరి వేసి, చివరికి "నువ్వు వింటూ కూర్చో" అన్నట్టయింది. సరే అనుకున్నాను, చాటకన్నా నయం. అప్పుడు తెలిసింది, నేను విన్నది పైన చెప్పడానికి ఇంకొకణ్ణి పెట్టారని. ఏదో పాత కంప్యూటర్ పక్కన కూర్చుని వచ్చిన ప్లాస్టిక్ స్పీకరు వాడు. వినే కష్టం నాది, పలికే భోగం వాడిది.

నన్ను చిల్లులు పొడిచిన టిఫిను గిన్నెలో బిగించి, వరహాలమ్మ మంచం పక్క కిటికీ ఊచకి కట్టారు.

"ఇదేటే?" అందామె.

"చెవి," అంది లోవకుమారి. "నువ్వు మెల్లగా అన్నా పైన ఇనబడుద్ది."

"అల్లుడుగారికి గూడానా?"

"ఆయన మేడ మీదే కదమ్మా ఉండేది."

ఆ రోజు నుంచి ఆమె దగ్గు కూడా కొంగులో దగ్గింది. చెవి పెట్టిన పాపానికి ఉన్న శబ్దాలు కూడా పోయాయి. తమలపాకు నలిపే చప్పుడు, చెంబు కింద పెట్టే చప్పుడు, ఊపిరి, ఇవే నాకు మిగిలాయి. పైవాడు వీటినే పలుకుతున్నాడు. వాడికీ పాటలు లేవులే అని ఒక తృప్తి.

ఒక మధ్యాహ్నం లోవకుమారి సంతకి వెళ్లింది. నూకరాజు మేడ మీద అన్నం తింటున్నాడు. వరహాలమ్మ మంచం దిగబోయింది. చెంబు పడింది, దొర్లింది, ఆ వెనకే మనిషి పడింది. తరువాత ఊపిరి, అడ్డంపడి, ఆగి ఆగి. పిలుస్తుందని చూశాను. పిలవలేదు. నోరు నొక్కుకుని పడి ఉంది. నాకు కాగితం తప్ప మరేమీ లేదు. ఆ ఊపిరికి ఎంత అదరగలనో అంతా అదిరాను.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఎంగిలిచేత్తోనే దిగినట్టున్నాడు నూకరాజు. వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. అన్నేళ్లలో ఆ గది గడప దాటలేదు మరి.

"లోవా," అన్నాడు. "అత్తయ్యగారు పడ్డారేమో అడుగు."

లోవకుమారి సంతలో వంకాయలు ఏరుతోంది. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"లోవా," అంది వరహాలమ్మ నేల మీంచి, గాలిగొంతుతో. "కాలు కదలటం లేదని పెద్దల్లుడుగారికి సెప్పవే."

"లోవా, నేను లోపలికి వత్తన్నానని సెప్పు."

"రమ్మని సెప్పవే," అంది ఆమె.

లేని మనిషి మీదుగా ఆ నాలుగు మాటలూ దాటాక అతను గడప దాటాడు. ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోకి పరుగెత్తాడు. పైన ఆ ప్లాస్టిక్కువాడు ఇదంతా ఖాళీ గదికి వినిపించాడు. అసలు విన్నది నేనొక్కణ్ణే.

కాలి ఎముక చిట్లిందన్నారు. అలా ఊపిరాడక ఇంకాసేపు పడి ఉంటే మనిషి దక్కేది కాదని కూడా అన్నారు. పిండికట్టుతో ఇంటికి వచ్చింది. సాయంత్రం మేడ మీద ఏం జరిగిందో విన్నారా? లోవకుమారి ఆ పై స్పీకరుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మా అమ్మని నిలబెట్టింది నువ్వేనంది. ఆ మాట కిందికి వచ్చి వాళ్లమ్మకి తనే గొప్పగా చెప్పింది. నా కాగితం కుతకుత ఉడికింది. బొట్టు పెట్టించుకునే మొహమా వాడిది? నేను అదరకపోతే వాడు దేన్ని పలికేవాడు?

దివాకర్ చూడటానికి వచ్చినప్పుడు నూకరాజు, "మీ బుర్ర బుర్రేనండి తమ్ముడుగారూ," అన్నాడు. అనడానికి అతనికి కష్టమైంది, గొంతులో తెలిసింది. నాకైతే అంత పెద్దమనసు రాలేదు.

ఆ ఆదివారం కిటికీ అవతల మెట్ల మీద, మళ్లీ నింపిన చాటలో నూకరాజుకి ఒక మీట దొరికింది. పక్కవాడు వంక పెట్టేలోపే, "దీన్ని ఇటు నొక్కితే కింద వినాలి, అటు నొక్కితే పైది విని కింద పలకాలి," అన్నాడు. దివాకర్ వంక పెట్టలేదు. ఉన్నా పెట్టేవాడు కాదనుకుంటాను.

సాయంత్రం పైన మీట పడింది. నాలో ఏదో ఎదురుతిరిగింది. ఇన్నాళ్లూ లోపలికి లాక్కున్న గాలి బయటికి తోసుకొచ్చింది. టక్ కాదు, మాట. నా గిన్నెలోంచి నూకరాజు గొంతు పలికింది.

"లోవా, అత్తయ్యగారిని అన్నం తిన్నారా అని అడుగు."

వెనకాలే లోవకుమారి గొంతు కూడా నాలోంచే వచ్చింది. "నేనిక్కడ మీ పక్కనుంటే కింద ఎవరిని అడగమంటారండి. మీరే అడగండి."

పైన నూకరాజు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు కూడా నేనే పలికాను.

"అత్తయ్యగారూ," అన్నాను. "అన్నం తిన్నారా?"

వరహాలమ్మ దిండుకి ఆనుకుని తమలపాకు నలుపుతోంది. ఆకు పక్కన పెట్టింది. కట్టు ఉన్న కాలిని మెల్లగా దగ్గరికి లాక్కుంది. నా వైపు తిరిగి, జారిన కొంగుని తలమీదికి నిండుగా లాక్కుంది. తరువాత, పైన మీట వెనక్కి పడ్డాక, "తిన్నాను బాబూ," అంది. మధ్యలో లోవ లేదు.

ఆ "బాబూ"ని పైన పలికింది వాడే, బొట్టువాడు. అది నాకు దక్కలేదు. కొంగు ఎవరి గొంతుకి కప్పుకుందో కూడా నాకు తెలుసు, అంత వెర్రివాణ్ణి కాను. కాని ఆమె తిరిగింది నా వైపు. తల కప్పుకుంది నన్ను చూసి. బజర్ ఇప్పటికీ గోడకి వేలాడుతూనే ఉన్నాడు. మోటారు టీ చల్లారుస్తోంది, ఎర్ర బల్బులు దేవుడి గూట్లో వెలుగుతున్నాయి. ఇంట్లో ఎవరైనా వాళ్లని చూసి కొంగు సర్దుకున్నారేమో, మీరే కనుక్కుని చెప్పండి.