జేబులో పట్టిన బాయి

మా ఆయన పోశం బాయిలోకి దిగడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. బాయి అంటే గోదావరిఖనిలో మాకు బొగ్గుగనే. ఇన్నేళ్లలో లోపల ఎట్లా ఉంటుందని నేను అడగని నెల లేదు, ఆయన సరిగ్గా చెప్పిన రోజూ లేదు. "ఏముంటది, చీకటి ఉంటది" అంటాడు, కంచం ముందుకు జరుపుకుంటాడు. ఒక మనిషి రోజూ ఒక పూట మాయమైపోయి, మసి పూసుకుని తిరిగొచ్చి, అన్నం తిని గోడవైపు తిరిగి పడుకుంటే ఇంట్లో ఉన్నదానికి ఎంత ఒళ్లు మండుతుందో మగవాళ్లకు తెలియదు.

అందుకే ఆ లోపలిని నేనే కట్టుకున్నాను. మధ్యాహ్నం వంటింటి గచ్చు మీద పడుకుంటే కింద ఒక ఊరు ఉన్నట్టు అనిపించేది. దానికీ వీధులు, మలుపులు. పైన ఎండ కాసినా వాన కురిసినా అక్కడ ఎప్పుడూ ఒకటే వేళ. తలకు దీపాలు కట్టుకున్న మనుషులు తొందర లేకుండా నడుస్తుంటారు. బాయి దారులు మా కాలనీ కింది దాకా వచ్చాయని ఎవరో అన్నప్పటి నుంచి, కడిగిన గిన్నెను కూడా మెల్లగా కింద పెట్టేదాన్ని. సరిగ్గా నా కాళ్ల కిందే ఆయన ఉన్నాడేమో, ఉలిక్కిపడతాడేమో అని. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నాకు మాత్రం ఆ భ్రమ బాగుండేది.

సకల జనుల సమ్మె అయిన మరుసటి ఏడు ఆ బాయి మూసేస్తున్నారని తెలిసింది. మనుషులను వేరే బాయికి మారుస్తారట, ఇక్కడ పైనుంచి తవ్వుకుంటూ పోయి ఓపెన్‌కాస్టు చేస్తారట. అంటే ఆ వీధులూ మలుపులూ ఏవీ మిగలవు. నా మొగుడి సగం బతుకు గడిచిన చోటు, నేను ఒక్కసారైనా చూడకుండానే లేకుండా పోతుంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

అప్పుడే పక్క క్వార్టర్ శాలిని టీచరమ్మ తన కొత్త ఫోను చూపించింది.

"ఇది ఒట్టి ఫోను కాదు యమునక్కా, జేబుల పట్టే కంప్యూటరు. రాసుకోవచ్చు, ఫొటోలు తియ్యచ్చు, మాటలు దాచిపెట్టుకోవచ్చు" అంది.

వేలితో తోస్తే బొమ్మలు నీళ్ల మీద ఆకుల్లా జరిగాయి. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు. ఇది ఫొటో తీస్తుంది, మా ఆయన జేబులో ఇముడుతుంది. ఆయనకు ఒక బటన్ల ఫోను ఉంది గానీ డ్యూటీకి పోయేటప్పుడు ఇంట్లోనే పెట్టిపోతాడు. ఎందుకంటే "లోపల సిగ్నల్ రాదు" అంటాడు. ఫొటో తియ్యడానికి సిగ్నల్‌తో పనేముంది? ఈ మాట ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదని నా మీద నాకే కోపం వచ్చింది.

ఆదివారం నేనూ మా ఆయనా చౌరస్తాలో కిషన్ దుకాణానికి పోయాం. కిషన్ పెట్టెలన్నీ తెరిచి గాజుబల్ల మీద పేర్చాడు. దీని ర్యామ్ ఇంత, దాని ప్రాసెసర్ అంత అని ఒకటే వాయింపు.

"ఆఫీసుల పెద్ద కంప్యూటర్ చేసే పనులన్నీ ఇది చేస్తది చిన్నమ్మా" అన్నాడు.

"గవన్నీ నాకెందుకు బిడ్డా? చీకట్ల ఫొటో ఏది మంచిగ తీస్తదో గది చెప్పు."

కిషన్ తెల్లముఖం వేశాడు. దుకాణం నిండా ట్యూబులైట్లు, ఇంక చీకటి ఎక్కడిది? అప్పుడు మా ఆయన భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి తలల మీదా కప్పాడు. "దీపాన్ని వెలుతుర్ల చూస్తె ఏం తెలుస్తది" అన్నాడు. బాయిలో తలకు కట్టుకునే దీపాన్ని కూడా అట్లాగే, అరచేతులతో మూసి చూసి తీసుకుంటాడట.

ఒక్కో ఫోనూ తువ్వాల కిందికి వచ్చింది, పోయింది. ఒకటి తళుక్కుమన్నప్పుడు ఆయన ముఖం అంత దగ్గరగా, కొత్తగా కనిపించింది. ఎంత కడిగినా పోని బొగ్గు ఆయన కంటిరెప్పల కింద కాటుకలా ఉంది. కింద ఈయన ఇట్లానే ఉంటాడు కాబోలు అనుకున్నాను. పెళ్లినాటి పిల్లలా నవ్వాను. బయట గిరాకీలు చూస్తున్నారన్న సోయి కూడా లేదు.

అదే కావాలన్నాను. ఆయన దాన్ని అందుకుని వెనక వైపు గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బాయిలో కర్రలు నిలబెట్టి పైకప్పును ఆపడం ఆయన పని. దేన్నయినా కొట్టి చప్పుడు విననిదే నమ్మడు.

"అది కప్పు కాదు కాకా, ఫోను. మీద పడది" అని కిషన్ నవ్వి, మాటలు దాచిపెట్టే మీట నొక్కాడు. "ఏదన్న మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?" అన్నాడు ఆయన. ఫోను కూడా "ఏం మాట్లాడాలె?" అంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా గొంతు గిట్లుంటదా?"

"ఈయనకెందుకు గది! నోట్లెకెల్లి మాట రావాలంటె గడ్డపార కావాలె" అని కసిరాను నేను.

ఫోను ఇంటికి వచ్చింది గానీ బాయికి పోలేదు. రేపు తీస్కపోత అంటాడు, మళ్లీ రేపంటాడు. మూసే రోజు దగ్గరపడుతోంది. ఇక లాభం లేదని ఒక పొద్దున సద్ది సంచిలో, టిఫిను డబ్బాకూ తువ్వాలకూ నడుమ నేనే దోపి పంపాను. ఆ పూటంతా ఫొటోల కోసం కలలు కంటూ కూర మాడబెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చి ఫోను మంచం మీద పెట్టాడు. అంత పాలిపోయిన ముఖం ఎప్పుడూ చూడలేదు. బాయి గేటు బయట సారవ్వ చాయ్ బండి ఉంది. దిగే ముందు అందరూ అక్కడ సంచి దులిపి, బీడీలు, అగ్గిపెట్టెలు ఆమె దగ్గర పెట్టి పోతారు. ఆ అలవాటు కొద్దీ సంచి దులిపితే ఇది బయటపడింది.

"లోపల గ్యాసుంటది యమునా. గీ బ్యాటరీల చిన్న మెరుపొచ్చినా చాలు. నేనొక్కణ్నే కాదు, షిఫ్టు షిఫ్టే పోతది."

ఫోను మీది నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "సిగ్నల్ రాదంటివి గద బావా?"

"అగ్గి ముచ్చట చెప్తె నువ్వు ఫికర్ చేస్తవని."

"మరి దుకాణంలనన్న చెప్పకపోతివి?"

ఆయన గోడవైపు తిరిగాడు. "నువ్వు నవ్వుతున్నవ్ గద" అన్నాడు.

నేను ఏడ్చాను. ఎంతమంది ఇళ్లు ముంచబోయానో తలుచుకుని ఏడ్చాను. ఇక ఆ చోటును ఎప్పటికీ చూడలేనని కూడా ఏడ్చాను, అబద్ధమెందుకు. ఫోనును గూట్లో బోర్లా పెట్టేశాను.

బాయి ఆఖరి రోజున ఆయనే దాన్ని తీసి అంగీ జేబులో వేసుకున్నాడు. నేను చూసిన చూపుకు, "సారవ్వ కాడ పెట్టి దిగుత, భయపడకు" అన్నాడు.

షిఫ్టు అయిపోయింది. కాలనీ మగవాళ్లందరూ వచ్చేశారు, ఈయన రాలేదు. గడపలో నిలబడ్డాను. మా దగ్గర అట్లా ఆలస్యమైతే ఆడవాళ్లం గడియారం చూడం, అంబులెన్సు మోత వినబడుతుందేమోనని చెవులు రిక్కిస్తాం. చివరికి సైకిలు చప్పుడైంది. ఆయన ఫోను నా చేతిలో పెట్టి, "గీ మీట నొక్కు. నేను తానం చేసొస్త" అని కళ్లు కలపకుండా లోపలికి పోయాడు.

గదిలో ఇంకా ఎండ ఉంది. ఏమనిపించిందో, దండెం మీది ఆయన తువ్వాల తీసి తల మీద కప్పుకుని నొక్కాను.

ముందు సారవ్వ స్టవ్వు హోరు, అంటే పైకొచ్చాక అక్కడే ఆగిపోయాడన్నమాట. తర్వాత ఆయన గొంతు సవరించుకోవడం.

"యమునా... చెయ్యియ్యి. మెట్లు తడిగున్నయి. తలకాయ వంచు, కప్పు కిందికున్నది."

నేను తల వంచాను.

"ముందుగాల గాలి సల్లగుంటది, లోపలికి పోంగపోంగ ఉడుకుతది. బొగ్గు ఉత్త నలుపు కాదే. దీపం పడితె నీ నల్లపూసల తీరుగ మెరుస్తది. ఇగో, ఎడమకు మలుగు. గీ కర్రలన్నీ నేను నిలవెట్టినయే. గీడ కూసుండి సద్ది తింట. జరసేపు దీపం ఆర్పుత. గప్పుడు నా చెయ్యి నాకే కండ్లవడది. కప్పు సప్పుడు ఇనుకుంట కూసుంట."

తర్వాత మళ్లీ స్టవ్వు హోరే. అయిపోయిందనుకున్నాను.

"నాకు భయమైతదే. మొదటి దినం సంది ఇయ్యాల్టిదాక రోజూ అయింది. ఇంట్ల ఎట్ల చెప్పాలె? దిగేటప్పుడు నువ్వు పక్కపొంటి వస్తున్నవనుకుంట. మెట్ల కాడ చెయ్యియ్యి యమునా అంట, నోట్లనే. నిన్ను రోజూ తీస్కపోయిన. నీకే తెల్వది."

తువ్వాల తడిసిపోయింది. ఆ చీకట్లో ఒక చెయ్యి ముందుకు చాచి, అట్లాగే కూర్చున్నాను.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. "ఏమే, చాయ్ పెడ్తవా?" అన్నాడు ఆయన, ఏమీ జరగనట్టు.

"జర ఆగు బావా" అన్నాను తువ్వాల తియ్యకుండానే. "నేనింకా మీదికి రాలే."