తాతగారి పులి

మేనేజరుగారి ముందుగదిలో గోడకి పులిచర్మం ఒకటి వేలాడుతుండేది. వాళ్ళ తాతగారు ఒంటిచేత్తో చంపిన పులి. ఆ కథ వినకుండా ఆ ఇంటి గడప దాటినవాడు లేడు, పాపం. అలా విన్నవాళ్ళలో ఎవడో వెళ్ళి అటవీశాఖకి ఉప్పందించాడు.

అధికారులు వచ్చి చర్మం పట్టుకుపోయారు. పులిదని తేలితే జైలే. మేనేజరుగారికి ముద్ద దిగడం మానేసింది. ఆయన భార్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు టీవీ చూసుకుంటూ కూర్చుంది. ఎందుకు కూర్చోదూ? అసలు చర్మం ఏనాడో పురుగుపట్టి, బొచ్చంతా రాలిపోతుంటే, ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆవిడే పెరట్లో తగలబెట్టింది. నాటకాలకి సామాను చేసేవాడి చేత మేకతోళ్ళు కుట్టించి, చారలు వేయించి, అదే మేకుకి తగిలించింది. మహానుభావుడు! దాని కిందే కూర్చుని పులికథ చెబుతూ, ఒక్కనాడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు.

ఫలితం వచ్చిందని ల్యాబుకి పిలిస్తే ఇద్దరూ వెళ్ళారు.

"బొచ్చుకి రంగు వేయొచ్చు గానీ డీఎన్‌ఏకి వేయలేరుగా సార్," అంది తెల్లకోటు అమ్మాయి నవ్వుతూ. "ఇది మేక. చెరో కొసనుంచీ ముక్క తీసి చూశాం. ఒకటి కూడా కాదు, రెండు మేకలు. మీరు హాయిగా ఇంటికెళ్ళొచ్చు."

"మేకా? సరిగ్గా చూడమ్మా. మా తాత చంపింది పులిని!"

"పులైతే మీ మీద కేసు సార్."

"పెట్టుకోండి! మేకేంటండీ, మేక!"

"ఏవండీ, ఊరుకోండి. గండం గడిచింది, పదండి," అని భార్య ఆయన మోచెయ్యి గిల్లింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ మనిషి చంకలు గుద్దుకుంటూ ఇక్కడే నేరం ఒప్పేసుకుంటాడు. నోరు నొక్కుకుంది.

ఇంటికి రాగానే ఆయన తాతగారి ఫొటో దింపి, మొహం గోడవైపు తిప్పి మూలన పెట్టాడు.

"ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవాడే! పంజా తగిలిన చోటని భుజమ్మీద మచ్చ చూపించేవాడు. అదీ అబద్ధమేనన్నమాట," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కేసైతే కానీ, చెప్పేద్దామని ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "ఏవండీ, ఒక్కమాట..."

ఆయన కళ్ళు తుడుచుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఏం చెప్పకు. ఈ ఇంట్లో నన్ను మోసం చెయ్యనిదానివి నువ్వొక్కదానివే."

ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. నోరూ తెరవలేదు.