వాడి చూశానన్న మాట

హెన్రికా బ్లాగులో ప్రతి వ్యాసం చివరా ఒకే వాక్యం ఉండేది: "ఇది నేను స్వయంగా వాడి చూశాను." చేతిలో డబ్బు ఆడని విద్యార్థులకూ, కొత్తగా బ్లాగు మొదలుపెట్టినవాళ్లకూ ఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుందో, ఏది చవకో వెతికి చెప్పడం ఆమె పని. మొదట్లో నిజంగానే వాడి చూసేది. చదివేవాళ్లు పెరిగి వారం వారం కొత్తది రాయాల్సి వచ్చేసరికి, ఇంకెవరి బ్లాగులోనో చదివినదాన్ని తన మాటల్లోకి మార్చి, కింద ఆ వాక్యం తగిలించేసేది. అందరూ చేసేదేగా అని సర్దిచెప్పుకునేది. ఆ సర్దిచెప్పుకోవడం మాత్రం ఎప్పుడూ ఉచితమే!

యోయెన్సూ ఊరి లైబ్రరీ కింది హాల్లో విద్యార్థుల సినిమాలు వేస్తున్నారని, తప్పకుండా రమ్మని తన బ్లాగు చదివే సైమి అనే విద్యార్థిని ఉత్తరం పెట్టింది. "మీరు చెప్పిన వీడియో ఎడిటర్‌లోనే నా సినిమా కూర్చాను" అని కూడా రాసింది. హెన్రికా మురిసిపోయి, ఇంట్లో చేసిన పిరక్కాలు, అన్నం కూరిన చిన్న రొట్టెలు, గిన్నెనిండా సర్దుకుని మరీ వెళ్లింది.

సినిమాలో సైమి తాత ఓయివా, గడ్డకట్టిన సరస్సులో కన్నం చేసి వల లాగుతున్నాడు. వంగినవాడు తలెత్తేసరికి ముసలాయన మొహం తెరనిండా వచ్చింది. ఆ మొహానికి అడ్డంగా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, "ట్రయల్ కాపీ. కొనండి" అని తెల్లటి అక్షరాలు. సినిమా అయ్యేదాకా అవి కదల్లేదు. కూర్చేటప్పుడు ఆ ముద్ర కనపడదు, పూర్తయిన సినిమాను బయటికి తీసినప్పుడే పడుతుంది. సైమి ఆ మధ్యాహ్నమే తీసి, చూసుకునే తీరిక లేక అలాగే తెచ్చేసింది.

ముందు వరసలోంచి ఓయివా గట్టిగా అన్నాడు.

"ఏమే సైమీ, నన్ను అమ్మకానికి పెట్టేశావుటే? ధర కూడా వేయకపోయావా, బేరమాడుకునేవాళ్లు!"

అందరూ నవ్వేశారు. చెవులు ఎర్రబడ్డా సైమి కూడా నవ్వింది. హెన్రికాకు తల కొట్టేసినట్టయింది.

కాఫీల దగ్గర సైమి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమనుకోకండి హెన్రికా గారూ, మీ ముందు పరువు తీసుకున్నాను."

"నువ్వేం చేశావమ్మా?"

"ఏదో తప్పు మీట నొక్కేసుంటాను. మీరు వాడి చూశారుగా, మీకు ఈ ముద్ర రాలేదు కదా? కొందామంటే నా వల్ల కాదు. ఇందులో కూర్చింది ఇంకోదాంట్లో తెరుచుకోదట. చలికాలమంతా పడ్డ పాట్లు మళ్లీ పడాలి. పోనీలెండి. ఈసారి దేంట్లో చెయ్యాలో మీరే చెప్పండి, కళ్లు మూసుకుని అదే వాడతాను."

తప్పు మీట నొక్కేసుంటావులే అనేస్తే సరిపోయేది. హెన్రికా అనబోయింది కూడా. ఇంతలో ఓయివా ఆమె తెచ్చిన పిరక్కా నములుతూ వచ్చాడు.

"ఈవిడేనా హెన్రికా? మా పిల్లకి మీ మాటంటే ఎంత గురో! నేను చెప్తే ఒక్కటీ వినదు."

ఆ మాటతో హెన్రికాకు తలెత్తే మొహం లేకపోయింది.

"నువ్వేమీ తప్పు నొక్కలేదు సైమీ," అంది. "నేను దాన్ని అసలు తెరిచి కూడా చూడలేదు."

సైమికి ముందు అర్థం కాలేదు.

"వాడి చూశానని రాశారుగా?"

"రాశాను."

ఓయివా నమలడం ఆపేశాడు. సైమి కోప్పడితే బాగుండునని హెన్రికా అనుకుంది. సైమి కోప్పడలేదు.

"మరి మిగతావి?" అని మెల్లగా అడిగింది. "మా క్లాసంతా మీరు చెప్పినవే వాడుతోంది."

హెన్రికా జవాబు చెబుదామనే చూసింది. ఏవి వాడి చూసిందో, ఏవి చూడలేదో ఆమెకే గుర్తులేదు.