తప్పు చెప్పాల్సిన పిల్ల రాలేదు

"కనిషాయ్ ఏదర్రా?" పిల్లల్ని అడిగింది బురుల్.

"పొద్దున్నే గొర్రెల్ని తోలుకుని వాళ్లింట్లో అందరూ కొండమీది మేతకి వెళ్లిపోయారు ఎజె!"

ఆ ఊరి బడిలో పంతులమ్మ అంటే 'ఎజె', పంతులు అంటే 'అగాయ్'; బురుల్ మాత్రం ఇంకా పూర్తిగా ఎజె కాలేదు. ఉపాధ్యాయ విద్యలో ఆమెకిది ఆఖరి పరీక్ష. బడిలో నిజమైన పిల్లలకు కమిటీ ఎదుట పాఠం చెప్పాలి. నెగ్గకపోతే పట్టా లేదు. కమిటీ మార్కుల పత్రంలో 'పిల్లల తప్పును ఓర్పుగా దిద్దుట' అనే అంశం ఒకటుంది. అందుకే వారమంతా రిహార్సల్ చేశారు. భిన్నాలు కూడమంటే కనిషాయ్ పైవీ కిందవీ విడివిడిగా కూడేసి "ఐదింట రెండు" అనాలి. ఆ మాట వినగానే తరగతంతా చప్పట్లు కొట్టి "తప్పు చేస్తే సిగ్గేం లేదు!" అని అరవాలి.

"ఇంకెవరైనా ఒక్క తప్పు చెప్పండమ్మా," బురుల్ బతిమాలింది.

"నేను చెప్పను ఎజె," అన్నాడు ఎల్దియార్. "మా అమ్మ కూడా చూడ్డానికొస్తోంది."

తలుపు తెరుచుకుంది. ముందు తొలొముష్ అగాయ్, కమిటీ పెద్ద. పిల్లలు తప్పులెందుకు చేస్తారన్న విషయం మీద డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ తర్వాత పిల్లల్ని చూసే అవసరం ఆయనకు పడలేదు. వెనకాలే బురుల్ గైడ్ సైరాగుల్ ఎజె, చేతిలో టీ బల్ల మీదికి బూర్సోక్, అంటే నూనెలో వేయించిన పిండి ముక్కల పళ్లెం.

పాఠం మొదలైంది. బురుల్ ఏమడిగినా సరైన జవాబే. కష్టమైనవి అడిగింది. అవీ సరైనవే. దిద్దడానికి ఒక్క తప్పూ దొరకలేదు.

"అన్నీ వచ్చిన పిల్లలకి నువ్వు నేర్పేదేముందమ్మా?" తొలొముష్ విసుక్కున్నాడు. "నేనడుగుతా. ఏయ్ అబ్బాయ్, సగం రొట్టెకి మూడో వంతు రొట్టె కలిపితే?"

"ఆరింట ఐదు వంతులు అగాయ్," అన్నాడు ఎల్దియార్.

"ఇదిగో, దొరికింది తప్పు!" ఆయన ముఖం వెలిగిపోయింది. "జవాబు ఐదింట రెండు! ఊఁ, దిద్దు చూద్దాం."

ఒప్పేసుకో అన్నట్టు సైరాగుల్ ఎజె వెనకనుంచి చేతులూపింది. బురుల్ నోరు తెరిచింది. ఈలోగా తరగతి తన సంకేతం విననే విన్నది. చప్పట్లు మోగాయి.

"తప్పు చేస్తే సిగ్గేం లేదు!"

ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

"మంచి ప్రయత్నం," అంటూ బురుల్ పాఠం కోసం తెచ్చిన రొట్టెను సగానికి విరిచింది. "బోర్డు దగ్గరికి రండి అగాయ్, కలిసి ఆలోచిద్దాం. ఈ సగం రొట్టె పట్టుకోండి. దీనికింకో ముక్క కలిపాం. సగానికంటే పెరుగుతుందా, తగ్గుతుందా?"

ఆయన చేతిలో రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పెరుగుతుంది," అన్నాడు చివరికి.

"మరి ఐదింట రెండు సగానికంటే తక్కువ కదా అగాయ్?" ఎల్దియార్ జాలిగా అడిగాడు.

పాఠం అయ్యాక టీ బల్ల దగ్గర ఎవరూ బూర్సోక్ ముట్టుకోలేదు. తొలొముష్ మార్కుల పత్రం ముందుకు లాక్కున్నాడు.

"కావాలనే తప్పు చెప్పాను. పిల్లవాడి పాత్ర వేశానన్నమాట."

"ఎంత సహజంగా చేశారు అగాయ్!" అంది సైరాగుల్ ఎజె.

ఆయన చూపు బురుల్ మీదికి తిరిగింది. కలం పత్రానికి ఆనలేదు. "నటనేనని నీకు తెలిసింది కదమ్మా?"

"తెలిసింది అగాయ్. కనిషాయ్ రిహార్సల్లో కూడా ఇంత బాగా చెప్పలేదు."

ఐదుకి ఐదు పడ్డాయి.